ఆఖరి లక్ష్యం

18 నవంబరు 2003, మంగళవారం

పొద్దున కాలేజీ గేటు మీద కొత్త బోర్డుకు రంగు ఆరకముందే పత్తి లారీల నుంచి ఎగిరిన దూది అంటుకుంది. ఇప్పుడు మాది బయోమెడికల్ పరిశోధన కేంద్రం. నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు రెండే గదులు. వచ్చే ఏడు పీహెచ్‌డీ కూడా వస్తుందట.

పురుగుమందు కొట్టే కూలీల రక్తం మీద మా పరిశోధన. నాది కాన్వెంటు ఇంగ్లీషు కదా అని, కాలేజీ కమిటీకి చూపించే లక్ష్యాల పేజీ మా గైడు నాచేత రాయించారు. ఆఖరున నా అంతట నేనే ఒకటి చేర్చాను: రక్తం ఇచ్చిన ప్రతి కూలీకీ ఫలితం చెప్పాలని. సారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"ఇదెవరు అడిగారమ్మా? మన పేపరు జర్నల్లో అచ్చయ్యేదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు. నీకు పీహెచ్‌డీ సీటు కావాలా, వద్దా?"

"కావాలి సార్" అన్నాను.

సాయంత్రం మా పేట మొదట్లోనే యేసుదాసు బాబాయి ఆపాడు. మిరప చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్లలో, మా పరీక్షకు మొదట చెయ్యి చాపింది ఆయనే.

"ఏమ్మా డాక్టరమ్మా, నా నెత్తురు పాసా, ఫెయిలా?" అని నవ్వాడు.

"ఇంకా రాలేదు బాబాయ్."

రిపోర్టు వచ్చి వారమైంది. పురుగుమందు ప్రభావం అందరికంటే ఆయన రక్తంలోనే ఎక్కువ. కొన్నాళ్లు మందు జోలికి పోకుండా ఉంటే తేరుకుంటాడు. ఆ మాట చెప్పడానికి నిమిషం చాలు. నేను ఇంటికి వచ్చేశాను.

సీటు వచ్చాక అందరికీ చెప్పొచ్చు అనుకుంటున్నాను. వచ్చాక అంటే, జూన్ తర్వాత...

రేపు పొద్దున ఆరెకరాల మిరపకు మందు కొట్టడానికి బాబాయి ఒప్పుకున్నాడు.