నాన్న తోలిన అమెరికా డీజిలు కారు

నాన్నా,

ప్రభువు దయవల్ల గుంటూరులో నేను బాగున్నాను.

మిషన్ ఆసుపత్రివాళ్ళ అమెరికా డీజిలు కారు, నలభై ఏళ్ళ కిందట నువ్వు చెడగొట్టావని నిన్ను పనిలోంచి తీసేశారే, అదే కారు మా షెడ్డుకు రిపేరుకొచ్చింది. పాత కార్లు కొనే రాధాకృష్ణమూర్తిగారు తెచ్చారు. ఇంజను నేనే విప్పాను. డీజిల్లో నీళ్ళు వేరుచేసే ఫిల్టరు కంపెనీవాళ్ళు ఆ బండికి అసలు పెట్టనే లేదు. ఇంజను మూత బిగించే హెడ్డు బోల్టులు ఒత్తిడికి ఆగలేక సాగిపోయాయి.

"అమెరికాలోనే ఈ కార్లకి చెడ్డపేరొచ్చిందమ్మా, పాపం డ్రైవరేం చేస్తాడు?" అన్నారాయన.

"ఆ డ్రైవరు మా నాన్నేనండీ" అన్నాను.

ఫిల్టరు పెట్టి, బోల్టులు మార్చి నిన్న సత్తెనపల్లి దాకా తోలాను. పొగ లేదు, వణుకు లేదు. ఆయన్ని అడిగి ఆదివారం అందులోనే కొత్తపట్నం వస్తున్నా. నీ కాకీ చొక్కా ఉతికించు, చర్చికి నువ్వే తోలాలి. అమ్మకి దగ్గు తగ్గిందా? ఎండు నెత్తళ్ళు కాసిని తీసిపెట్టమను.

ఫోను చెయ్యకుండా పోస్టుకార్డెందుకు రాశానంటావా? "కారు చెడగొట్టిన దాసు" అని ఇప్పటికీ నిన్ను పిలిచేవాళ్ళంతా, ఇది నీ చేతికొచ్చేలోపు చదవాలని.

మీ ఇద్దరికీ వందనాలతో,
నీ కూతురు సువార్త, మెకానిక్కు