మూసుకున్న నాళం

కలో అక్కా,

నేను క్షేమమే, కాళ్ళు మాత్రం కావు. పసికందుల గుండె, రక్తప్రసరణ గురించిన ఈ నాలుగు వారాల శిక్షణలో మేము చూడాలే తప్ప ఏదీ ముట్టుకోకూడదు. బ్రిస్బేన్ వచ్చిన నాటి నుంచి రోజంతా గోడవారన నిలబడే ఉంటున్నాను.

నిన్న వార్డులో మన టోంగా దీవుల నుంచే వచ్చిన వికా అనే తల్లి, "ఏం డాక్టరమ్మా, చేతులు కట్టుకుని నిలబడడానికేనా సముద్రం దాటొచ్చావు?" అంది. ఆమె బిడ్డ ఏడో నెలలోనే పుట్టాడు. పుట్టాక మూసుకోవలసిన గుండె దగ్గరి నాళం తెరుచుకునే ఉండడంతో మూడు రోజులుగా మందు ఇస్తున్నారు. పెద్ద డాక్టరు స్కాన్ చూసి నావైపు తిరిగాడు. "మూసుకుంది. మీ భాషలో నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. వికా నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? పందులు మన చేమదుంపల తోటలో పడకుండా చూడు. మన ఆసుపత్రి స్టోరులో, అట్టపెట్టెలో, పసిపిల్లల గుండె స్కాన్‌కి వాడే చిన్న పరికరం ఉంది. ఎవరూ పారేయకుండా మేట్రన్‌తో చెప్పు. అది దేనికో తెలియక నేనే అక్కడ పడేయించాను.

పిల్లలకు ముద్దులు, దేవుడి చల్లని చూపు మీ అందరి మీదా ఉండాలి.

నీ చెల్లెలు
లోసాలిన్