కనుమ మీద నా నోటి దురద

అక్కా, గుండే మోకాళ్లూ గట్టిగానే ఉన్నాయి, కంగారు పడకు. మండుటెండలో సైకిలు మీద రెండు కనుమలు దాటాను. నిలకడ లేనిది మనసుకే.

రెండో కనుమ మీద తారురోడ్డు వేస్తున్నారు. తారు అంటుకోకుండా రోలరు చక్రాల మీద డ్రమ్ములకొద్దీ నీళ్లు పోస్తున్నారు గాని, కంకర మోసే ఆడవాళ్లు ఆ నీళ్లు ముట్టకూడదట! నేను ఊరుకుంటానా? మేస్త్రీని నిలబెట్టి కడిగేశాను. "నీళ్లివ్వట్లేదని మీకెవరు చెప్పారు మేడమ్?" అన్నాడు. సభల్లో రుజువులు చూపించే అలవాటు కదా, "ఇదిగో, ఈవిడే" అని పక్కనున్న ఆవిణ్ణి చూపించాను.

"అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు ఆవిడతో.

ఆవిడ తట్ట దించి, "మీరు సైకిలెక్కి పోతారమ్మా. నేనెక్కడికి పోను?" అంది.

మేస్త్రీ దుర్మార్గుడే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆవిడ పని పోగొట్టింది నా నోరే. కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు.

కార్డు అందగానే బావని బస్సెక్కించు. కార్మిక సంఘం కార్యదర్శి ఇంట్లో పేపరు చదువుకుంటూ కూర్చుంటే ఎలా? కనుమ కింద బస్టాండు పక్క లాడ్జిలోనే ఉంటాను. నావి రెండు నూలు జాకెట్లు కూడా పంపు. మోటారు బాగైందా? అమ్మాయి డ్రైవింగు పరీక్ష ఏమైంది?

ఆవిడ ఇల్లు కనుక్కున్నాను. రేపు పొద్దున్నే వెళ్లి, నన్నేం చెయ్యమంటుందో ఆవిడనే అడుగుతాను. నోరు మూసుకోమంటే మూసుకుంటాను. నవ్వకు.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి