సగం పథ్యం

పెరెయిరా,
ఆదివారం, సంత కట్టేశాక

ప్రియమైన అమ్మకు,

నీ దీవెన అడిగి మొదలుపెడుతున్నాను. నేనిక్కడ లేచి తిరుగుతున్నాను, వేళకి తింటున్నాను, నీమీద ఒట్టు. అక్కడ నువ్వూ, నా బిడ్డ లూసెరో, కోళ్లూ, ఆ కరిచే కుక్కా అందరూ బాగున్నారని మన జీపు తోలే ఎవేలియో చెప్పాడు. అరటిగెలలతో పాటు నీ ఉత్తరాన్నీ జీపులోంచి దించి, "ఇదిగో, మీ అమ్మ తిట్లు. గెలలకన్నా బరువున్నాయి," అన్నాడు.

వచ్చే ఆదివారం జీపులో లూసెరోని తీసుకురానా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు మిగతావి తేలుద్దాం.

"రొమ్ములు పెద్దవి చేయించుకోవడం ఎవడి కోసమే?" అని రాశావు. ఎవడి కోసమూ కాదు. లూసెరో పాలు మానాక నా బట్టలన్నీ ముందువైపు వదులై వేలాడేవి. అద్దం ముందు చొక్కా మార్చుకోవాలంటే లైటు ఆర్పేదాన్ని. ఇది నీకెప్పుడూ చెప్పుకోలేదు. ఇప్పుడు ఆర్పడం లేదు. దేవుడిచ్చింది చాలదా అన్నావు. దేవుడిచ్చిన పళ్లు ఊడితే నువ్వు కట్టించుకోలేదూ? తిట్టాలనుంటే తిట్టు, పడతాను. చేయించుకున్నందుకు మాత్రం నాకు బాధ లేదు.

నేను అద్దెకుంటున్న ఇల్లుగలావిడ సెనేలియా పెద్దమ్మ సంగతి విను. ఆస్పత్రి నుంచి రాగానే నన్ను బాలింతలా గదిలో పడేసి తలుపేసింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, రెండు పూటలా నాటుకోడి పులుసు. "పెద్దమ్మా, నేనేమన్నా కన్నానా?" అంటే, "కోత కోతేనే! గాలి సోకి ఒళ్లు వాస్తే మీ డాక్టరమ్మ వచ్చి కాపడం పెడుతుందా?" అంది. వీధిలో వాళ్లు కోళ్లు పట్టుకుని మరీ చూడ్డానికొచ్చారు. కింది వాటా ముసలాయన గదంతా కలయజూసి, "బిడ్డేదమ్మా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆ గదిలో ఉండాల్సిన బిడ్డ నీ దగ్గరుంది కదమ్మా. మూడో అంతస్తు దాకా దాన్ని చంకనేసుకుని ఎక్కాలి, ఎత్తుకుని తిప్పితే గానీ నిద్రపోదు, అందుకే కదా కొండమీదికి పంపాను.

పథ్యం సగానికి వచ్చేసరికి పెద్దమ్మ మూలికలు వేసి నీళ్లు కాచి, తలస్నానం చేయించేసింది. "పిల్ల లేని బాలింతకి సగం పథ్యం చాల్లే. పాలివ్వాలా, జోల పాడాలా? పో, పని చూసుకో," అంది. డాక్టరమ్మ ఏమంది? పైన కోత మానినా లోపల కండ కుదురుకోవాలి, నేను మళ్లీ చూసి చెప్పేదాకా బరువు ముట్టొద్దంది. కానీ మన కొండల్లో ఆ స్నానం అయిన ఆడది మర్నాడే కాఫీ పళ్లు కోసే బుట్ట నడుముకి కట్టుకోదూ? నువ్వూ అంతేగా. స్నానం అయింది కాబట్టి నేను బాగైపోయాననే నమ్మాను.

సంతలో మా దుకాణం యజమాని అర్నోబియో గారు నన్ను గెలల దరిదాపులకి రానివ్వలేదు. పీట వేసి బఠాణీలు ఒలవమన్నారు. హమాలీలు ఊరుకుంటారా! "తప్పుకోండ్రా, మహారాణి గారు గింజ ఎత్తుతున్నారు! ఓ చెయ్యి వెయ్యండి!" అని ఒకటే గోల. "మీ నడుములు పడిపోయాక మీకూ ఇదే పీట, పోండి," అన్నాను. పని సుఖంగానే ఉండేది. కానీ మన కొండ జీపు వచ్చినప్పుడల్లా నా చేతులు ఆగిపోయేవి. లూసెరో రాదని తెలిసీ ముందు సీటు వైపు చూసేదాన్ని.

ఆ తర్వాతది ఎవేలియో నీకు చెప్పే ఉంటాడు. కుడివైపు బాగా వాచిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు, లోపల చేరిన నెత్తురు తీసేశారు. ఇప్పుడు నొప్పి తగ్గింది, కంగారుపడకు. కాకపోతే డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలెట్టింది. నేను గెల ఎత్తాననే సంతలో అందరూ అనుకుంటున్నారు. నేనూ అలాగే చెప్పాను. పాపం అర్నోబియో గారు, "ఆ పూట నేను లేకపోబట్టే కదా," అని బాధపడుతున్నా నేను అసలు సంగతి చెప్పలేదు.

గెల కాదమ్మా. నీకొక్కదానికే చెబుతున్నాను. ఒకావిడ బంగాళాదుంపలు ఏరుకుంటోంది. ఆవిడ కూతురు, మన లూసెరో అంతే ఉంటుంది, నా పీట దగ్గరికొచ్చి రెండు చేతులూ పైకెత్తింది. అంతే. నోటితో అడగను కూడా లేదు. నేను లేచి ఎత్తేసుకున్నాను. డాక్టరమ్మా గుర్తు రాలేదు, కోతా గుర్తు రాలేదు. లోపల చురుక్కుమంది, అయినా దించలేదు. ఆ పిల్ల నా మెడలో మొహం పెట్టుకుంది. వాళ్లమ్మ, "ఇటివ్వండి, బరువు," అంటే, "ఉండనివ్వండి, పరవాలేదు," అన్నాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడు, పరాయి బిడ్డని కన్నతల్లికివ్వడానికి చెయ్యి రాలేదు.

ఇంక నీ ప్రశ్న. తీసుకురమ్మనాలనే ఉంది. దాని బట్ట ఒకటి తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను, అంత బెంగగా ఉంది. తీసుకురా, కానీ అమ్మ ముందు చేతులెత్తకూడదని దానికి నేర్పి మరీ తీసుకురా, అని రాద్దామనుకున్నాను. పక్కన కూర్చోమను, చెయ్యి పట్టుకోమను, ఎత్తుకోమని మాత్రం అడగొద్దను, అని. అది తెలివైంది, ఇట్టే నేర్చేసుకుంటుంది. అదే నా భయం. ఒకసారి నేర్చుకుని ఇంక ఎప్పటికీ అడక్కపోతే నేనేమైపోవాలి?

అందుకని, తీసుకురాకమ్మా. డాక్టరమ్మ సరేనన్న రోజు నేనే జీపెక్కి వస్తాను. ఆ లోపల అది ఎప్పుడు చేతులెత్తినా, నీకు నడుం నొప్పిగా ఉన్నా సరే, ఒక్కసారి కూడా కాదనకుండా ఎత్తుకో.

ఇట్లు,
నీ కూతురు
నొరేలియా