మరిది పెట్టిన సంతకం

అక్కా,

రేపు నీ సంవత్సరీకం. ఒక్కరోజు కూడా ఆగకుండా ఇవాళే నీ మరిది రేపల్లె నుంచి వ్యాన్ తీసుకుని తెనాలి వచ్చాడు.

బావ పోయిన నెలకే నిన్ను ఒక్క పెట్టెతో బయటికి పంపినవాడు వీడే. ఈ అద్దె గదిలో పన్నెండేళ్లు జాకెట్లు కుట్టి నువ్వు కొనుక్కున్న మిషన్, బీరువా, గాజులు ఇప్పుడు వాడివట.

నేను ఊరుకోలేదు. వస్తానని వాడు కబురు పెట్టినప్పుడే బాపట్ల వెళ్లి లాయరుగారిని అడిగాను.

"పిల్లల్లేరు, వీలునామా రాయలేదు. ఆవిడ సంపాదించుకున్నవి కూడా భర్త తరఫు వాళ్లకే వెళ్తాయమ్మా," అన్నారు.

"వాళ్లే గెంటేశారు కదండీ!"

"గెంటేసినా అంతేనమ్మా. ఏమేం ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకోండి."

ఇవాళ వాడు అన్నీ వ్యాన్‌లోకి ఎక్కించాడు. గోడ మీది మీ పెళ్లి ఫొటో మాత్రం "అది మాకెందుకండి" అని వదిలేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం ముందు పెట్టి, "ఆవిడ మీకేమవుతుందో కూడా రాయండి," అన్నాను.

"అదెందుకండి?"

"రాయకపోతే వ్యాన్ కదలదు."

వ్యాన్ వైపు ఒకసారి చూసి, "మా వదినగారు" అని రాసి సంతకం పెట్టాడు.

నువ్వు ఆ ఇంట్లో కాపురం చేసిన ఆరేళ్లూ వాడు నిన్ను "ఇదిగో" అనే పిలిచేవాడని నువ్వే చెప్పావు. నిన్ను వదిన అనడానికి వాడికి నీ బీరువా కావాల్సి వచ్చిందక్కా.

నీ చెల్లి