మీ గొంతుకు చందా

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే మీ తమ్ముడు శ్రీను వచ్చాడు. మీరు పెట్టిన మిరప రైతుల వాట్సాప్ గ్రూపుని ఇప్పుడు వాడే చూస్తున్నాడు.

"గ్రూపుని యాప్‌లోకి మార్చాం వదినా. అన్నయ్య వాయిస్‌లన్నీ అందులోనే ఉంటాయి. ఖర్చవుతోంది, చందా పెడదామనుకుంటున్నాం. కానీ అన్నయ్య ఊరికే చెప్పింది అమ్ముకుంటున్నారని తిడతారేమో. సగం మంది పోతారు కూడా," అన్నాడు.

"పెట్టు. ఇంకాస్త ఎక్కువే పెట్టు," అన్నాను. బిత్తరపోయాడు.

పోతే పోనీండి. పొద్దున్నే ఎవరో ఆకుముడత పట్టిన మొక్క ఫొటో పెడితే చాలు, కాఫీ పక్కన పెట్టేసి వాకిట్లో నిలబడి వాళ్లకి వాయిస్‌లో ఓపిగ్గా చెప్పేవారు. ఊరూరా ఫోన్లలో మీ గొంతుంది. ఒకే ఇంట్లో ఉన్నదాన్ని గనక నాకు ఒక్క వాయిస్ కూడా పంపలేదు.

మొదటి చందా నేనే కట్టి విన్నాను. ఒకదాంట్లో ఎవరికో ఆకుముడతకి కొట్టే మందు సంగతి చెబుతున్నారు. వెనకాల నా కేక, "అన్నం చల్లారిపోతోందండీ!" మీరు మధ్యలో ఆగి, "వస్తన్నానే, ఉండు," అన్నారు.

ఆ ఒక్కటీ యాప్‌లోంచి తీసేసి నాకు పంపమన్నాను శ్రీనుని. ఆకుముడత సంగతి వాళ్లు ఇంకెవరినైనా అడుక్కుంటారు.