గడప ముందు ముగ్గు గీత

మందమర్రి

తమ్ముడు ఓదెలుకు, మల్లన్న దయతో ఇక్కడ అందరం బాగున్నాం.

గడప దగ్గర మన బాపు కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంటే మొండికేస్తున్నాడనుకున్నాం కదా. అది నరాలు మెల్లగా క్షీణించే జబ్బట. ఎత్తాలని మనసుకు ఉన్నా కాలు వినదని డాక్టరమ్మ చెప్పింది. పూర్తిగా నయం కాదట.

అయినా మొన్న పొద్దున నా కోడలు శ్యామల గడప ముందు ముగ్గు వేస్తుంటే, బాపు ఆగకుండా కాలెత్తి దాటాడు. "గిదేంది తాతా, ఇయ్యాల ఆగకనే వచ్చినవ్?" అంటే, "ముగ్గెవలన్న తొక్కుతరా పిల్లా!" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని శ్యామల మంచం నుంచి గడప దాకా అడుగుకో అడ్డగీత గీసింది. ఒక్కొక్కటే దాటుకుంటూ నడుస్తున్నాడు. కంటికి గీత కనబడితే కాలు దానంతటదే లేస్తుందని డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది. ఆ పిల్ల బుద్ధికి మొక్కాలి.

నీ బిడ్డ లగ్గానికి చక్రాల కుర్చీ తెస్తానన్నావు, వద్దు. బాపు నడిచే వస్తాడు. మీ గడపల ముందు అడ్డగీతలు గీయించు. పసుపు దంచారా? పిల్లకు నా దీవెనలు.

వాకిలి నిండా పెద్ద ముగ్గు మాత్రం వేయించకు తమ్మీ. తొక్కనని బాపు అక్కడే నిలబడతాడు. అప్పుడది జబ్బు కాదు, మొండితనమే.

మీ అక్క
సమ్మక్క